కరెంటు పోయినా చెదరని డెస్క్‌టాప్: క్లౌడ్ లినక్స్ సర్వర్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యలు కొనే ఆఫీసుల్లో పట్టుబడి రోజున లెక్కల పని తెల్లవారకముందే మొదలవుతుంది. గట్టు మీద తూకం అవుతుంటే ఆఫీసులో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) వారీగా బిల్లు కొడుతుంటారు. అప్పుడే కరెంటు పోతే సగం కొట్టిన లెక్క గల్లంతే. అదే లెక్క క్లౌడ్ సర్వర్ మీద, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ మీద తెరిచి ఉంటే, ఇక్కడ కంప్యూటర్ ఆగినా అక్కడ ఫైలు తెరిచినట్టే ఉంటుంది. మళ్లీ కనెక్ట్ అయ్యాక కర్సర్ వదిలిన గడిలోనే కనిపిస్తుంది. ఆ లినక్స్ సర్వర్ డెస్క్‌టాప్‌ను మన కంప్యూటర్ తెర మీద చూపించే ప్రోగ్రామే ఎక్స్‌ఆర్‌డీపీ.

కమాండ్లను ఇక్కడ చదివే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. ప్రత్యేకంగా చెప్పనిచోట అన్నీ చిన్న అక్షరాలే.

సర్వర్ దగ్గరలో ఉండాలి. మౌస్ కదిపిన ప్రతిసారీ ఆ కదలిక సర్వర్‌కు వెళ్లాలి, బొమ్మ తిరిగి రావాలి. అమెరికాలో సర్వర్ తీసుకుంటే మెనూ తెరుచుకోవడమే బరువుగా ఉంటుంది. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి రీజియన్లు (సర్వర్లుండే కేంద్రాలు) ఉన్నాయి. హైదరాబాద్‌ను మాత్రం ముందు ఖాతా సెట్టింగుల్లో ఎనేబుల్ చేసుకోవాలి. లెక్కల షీట్లకే అయితే ఒక మనిషికి 2 జీబీ ర్యామ్ సరిపోతుంది. బ్రౌజర్ కూడా వాడితే 4 జీబీ తీసుకోండి. డిస్క్ 20 జీబీ చాలు. సిస్టమ్‌గా లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12 పెట్టుకోండి. నోమ్ డెస్క్‌టాప్ జోలికి పోవద్దు, అది ర్యామ్ బాగా తింటుంది. ఈ పనికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ చక్కగా సరిపోతుంది.

ఫైర్‌వాల్‌లో, అంటే క్లౌడ్ ప్యానెల్‌లోని సెక్యూరిటీ గ్రూప్‌లో, 22వ పోర్టు (ఎస్ఎస్‌హెచ్ అనే భద్రమైన కమాండ్ల దారికి తలుపు) ఒక్కటే తెరవండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389ను కూడా లోకమంతటికీ తెరిచేస్తారు. తెరిచిన కాసేపటికే ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి పాస్‌వర్డ్‌లు ఊహించి కొడుతూనే ఉంటాయి. రైతుల బాకీలు, బ్యాంకు వివరాలు ఉన్న సర్వర్‌కు ఆ తలుపు తెరవనే కూడదు.

ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లి, ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొట్టి ఈ ప్యాకేజీల పేర్లు ఇవ్వండి: ఎక్స్‌ఎఫ్‌సీఈ4, ఎక్స్‌ఆర్‌డీపీ, ఎక్స్ఓఆర్‌జీఎక్స్‌ఆర్‌డీపీ, డీబస్-ఎక్స్11, లిబ్రేఆఫీస్. మూడోదాన్ని మరిచిపోతే పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా డెస్క్‌టాప్ రాదు.

లెక్కలు రాసేవారికి సుడో ఆడ్‌యూజర్‌తో వేరే యూజర్‌ను పెట్టి, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. క్లౌడ్ ఇచ్చే మొదటి యూజర్‌కు పాస్‌వర్డే ఉండదు, తాళంచెవి ఫైలు మాత్రమే ఉంటుంది. ఎక్స్‌ఆర్‌డీపీ అడిగేదేమో పాస్‌వర్డ్. కొత్త యూజర్ ఎస్ఎస్‌హెచ్ పబ్లిక్ కీని (తాళంచెవి జతలో సర్వర్ మీద ఉంచే భాగాన్ని) అతని హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎస్ఎస్‌హెచ్ కింద ఆథరైజ్డ్_కీస్ ఫైలులో వేయండి. అడ్మిన్ తాళంచెవిని గుమాస్తా చేతిలో పెట్టాల్సిన పని ఉండదు. అదే హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌సెషన్ అనే ఫైలు సృష్టించి, ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్ అనే ఒక్క లైను రాయండి. తర్వాత సుడో ఆడ్‌యూజర్ ఎక్స్‌ఆర్‌డీపీ ఎస్ఎస్ఎల్-సర్ట్ అని కొట్టండి. ఎక్స్‌ఆర్‌డీపీ తన సర్టిఫికెట్ తాళాన్ని చదువుకోవడానికి ఇది కావాలి.

ఇప్పుడు అసలైన మార్పు. ఈటీసీ కింద ఎక్స్‌ఆర్‌డీపీ ఫోల్డర్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ డాట్ ఐఎన్ఐ ఫైలు తెరవండి. పైన గ్లోబల్స్ భాగంలో పోర్ట్=3389 అని ఉంటుంది. దాన్ని పోర్ట్=టీసీపీ://127.0.0.1:3389 అని మార్చండి. 127.0.0.1 అంటే ఆ కంప్యూటరే, కాబట్టి బయటివారు 3389ను నేరుగా తాకలేరు. కింద ఇంకొన్నిచోట్ల పోర్ట్=-1 అని కనిపిస్తుంది, వాటిని ముట్టుకోవద్దు. సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎక్స్‌ఆర్‌డీపీ అని కొట్టి, సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీతో సరిచూడండి. 3389 పక్కన 127.0.0.1 కనిపిస్తే సరే. నక్షత్రం గుర్తు కనిపిస్తే మార్పు పట్టలేదని అర్థం.

ఆఫీసు కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి, ఎస్ఎస్‌హెచ్ -ఎల్ 3390:127.0.0.1:3389 అని, ఖాళీ వదిలి యూజర్ పేరు, @ గుర్తు, సర్వర్ ఐపీ కొట్టండి. ఈ ఎల్ పెద్ద అక్షరం. దీంతో మన కంప్యూటర్‌లోని 3390, ఎస్ఎస్‌హెచ్ దారిలో సర్వర్‌లోని 3389కు కలుస్తుంది. ఆ కిటికీని మూయకుండా, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో 127.0.0.1:3390 ఇవ్వండి. సొంత కంప్యూటర్ 3389నే ఇస్తే విండోస్ పేచీ పెట్టే అవకాశం ఉంది, అందుకే 3390.

పని ఆపేటప్పుడు లాగ్ అవుట్ నొక్కితే తెరిచినవన్నీ మూసుకుపోతాయి. కిటికీ మూలన ఇంటూ గుర్తు నొక్కితే సెషన్ (తెరిచి ఉన్న డెస్క్‌టాప్) అలాగే ఉంటుంది. సర్వరే రీబూట్ అయితే మాత్రం ఏదీ మిగలదు కాబట్టి, లిబ్రేఆఫీస్‌లో ఆటో రికవరీని 5 నిమిషాలకు పెట్టండి.

మళ్లీ కలిసినప్పుడు పాత లెక్క బదులు ఖాళీ డెస్క్‌టాప్ వస్తే కంగారు పడొద్దు. ఎక్స్‌ఆర్‌డీపీ మామూలుగా యూజర్ పేరుతో పాటు రంగుల లోతునూ చూసి పాత సెషన్‌ను గుర్తుపడుతుంది. నిన్న 32 బిట్లతో వచ్చి ఇవాళ 16తో వస్తే కొత్త సెషన్ ఇస్తుంది. పాత లోతుకే మార్చి కనెక్ట్ అయితే పాతది దొరుకుతుంది. మొబైల్ డేటా మీద నడిపేవారు మొదటి రోజు నుంచే 16 పెట్టుకోండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో మేనేజర్ ట్వీక్స్‌కు వెళ్లి కంపోజిటర్ (కిటికీలకు నీడలు, పారదర్శకత వేసేది) తీసేస్తే ఇంకా తేలికవుతుంది.

పాస్‌వర్డ్ ఇవ్వగానే కిటికీ మూసుకుపోతే ముందు డాట్ ఎక్స్‌సెషన్ ఫైలు చూడండి. ఫైలు పేరు ముందు చుక్క మరిచిపోయి ఉండొచ్చు, లేదా అడ్మిన్‌గా సృష్టించడం వల్ల ఫైలు రూట్ పేరు మీద ఉండి ఆ యూజర్ చదవలేకపోవచ్చు. అప్పటికీ తేలకపోతే వీఏఆర్ కింద లాగ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఆర్‌డీపీ-సెస్‌మ్యాన్ లాగ్‌లో చివరి ఇరవై లైన్లు చదవండి.

గడియారం మాట మరవొద్దు. క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీ సమయంలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4 గంటలకు కొట్టిన బిల్లు మీద ముందు రోజు తేదీ పడుతుంది. సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని కొట్టండి, ఇందులో ఏ, కే మాత్రం పెద్ద అక్షరాలు. రైతుల పేర్లు డబ్బాలుగా కనిపిస్తే ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేసి, లిబ్రేఆఫీస్ మూసి మళ్లీ తెరవండి.