నిర్వహణ ఆగిపోయిన ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుపై ఆధారపడి ఉన్నప్పుడు ఏం చేయాలి

మీ ప్రోగ్రాము వాడుకుంటున్న ఓపెన్‌సోర్స్ లైబ్రరీలో (ఇతరులు రాసి ఉంచిన, మీరు చేర్చుకున్న కోడ్‌లో) రెండేళ్లుగా ఒక్క కమిట్ (నమోదైన కోడ్ మార్పు) కూడా లేదని గమనించినప్పుడు, దాని నిర్వహణ నిజంగా ఆగిపోయిందా, లేక చేయవలసిన పని పూర్తయి మార్పుల అవసరమే లేకుండా ఉన్నదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. చివరి కమిట్ తేదీ ఒక్కటే చూస్తే ఇది తెలియదు. భద్రతా లోపం గురించి తెరిచిన ఇష్యూకు (ప్రాజెక్టు పేజీలో పెట్టిన ఫిర్యాదుకు) జవాబు వచ్చిందా, భాష కొత్త వెర్షనుకు తగ్గ సవరణ పుల్ రిక్వెస్టుగానే (చేర్చమని బయటివారు పంపిన మార్పుగానే) నెలల తరబడి పడి ఉన్నదా అన్నవి చూస్తే తెలుస్తుంది. ఒక్కోసారి వెతికే పనే ఉండదు. జావాస్క్రిప్ట్‌లో తేదీలకు వాడే మొమెంట్ జేఎస్ లైబ్రరీ బృందం 2020 సెప్టెంబరులో, ఇకపై కొత్త సదుపాయాలు చేర్చబోమని తానే ప్రకటించి, లక్సన్ వంటి ప్రత్యామ్నాయాలను కూడా సూచించింది.

తరువాత, ఆ లైబ్రరీ మీ ప్రోగ్రాములో ఏ పని చేస్తున్నదో చూడండి. బయటివారు పంపే చిత్రాలను చదివే లైబ్రరీ ఆగిపోతే వెంటనే కదలాలి; టెర్మినల్‌లో అక్షరాలకు రంగులు వేసేది ఆగిపోతే ఆరు నెలలు ఆగినా నష్టం ఉండదు. దానిని మీరు నేరుగా చేర్చుకోలేదని, మరో ప్యాకేజీ వెంట వచ్చిందని తేలితే, ఆ ప్యాకేజీ నిర్వాహకులకు విషయం తెలియజేయడమే మొదటి పని.

కొత్తగా ఏదైనా మొదలుపెట్టే ముందు, ఆ పనిని ఇప్పటికే ఎవరైనా అందుకున్నారేమో వెతకండి. పైథాన్‌లో చిత్రాలకు వాడే పీఐఎల్ లైబ్రరీ చివరి వెర్షను 2009లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే దాని ఫోర్కుగా (అదే కోడ్‌ను నకలు తీసి విడిగా కొనసాగించేదిగా) పిల్లో మొదలైంది. పాత ఇంపోర్ట్ పేరునే నిలుపుకోవడం వల్ల ఈ మార్పు చాలామందికి తేలికైంది. చాలామందికి తట్టని మరో చోటు డెబియన్ అనే లినక్స్ పంపిణీ: మూల ప్రాజెక్టు ఆగిపోయిన తరువాత కూడా డెబియన్ వారు తమ ప్యాకేజీలో సొంత ప్యాచ్‌లు (చిన్న సవరణలు) చేర్చుకుంటూ ఉంటారు కనుక, మీకు కావలసిన సవరణ అక్కడ సిద్ధంగా దొరకవచ్చు.

అలాంటిదేదీ లేకపోతే నిర్వాహకుడికి మర్యాదగా రాయండి. ఆయన మీకు బాకీ ఉన్నదేమీ లేదని గుర్తుంచుకుని, పడి ఉన్న పుల్ రిక్వెస్టులలో రెండింటిని పరీక్షించి ఫలితం చెప్పండి. ప్యాకేజీని విడుదల చేసే అధికారాన్ని మొదటి ఉత్తరంలోనే అడగకండి. మీరే నిర్వాహకులైతే, అలా అడిగినవారికి వెంటనే ఇవ్వకండి. 2018లో ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం)లోని ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని, తనకు దానితో పని లేకపోవడంతో, దాని కర్త సాయం చేస్తానన్న అపరిచితుడికి అప్పగించగా, ఆ వ్యక్తి కోపే అనే యాప్‌లోని బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్‌ను అందులోకి తెచ్చాడు. లినక్స్‌లో ఫైళ్లను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ విషయంలో మోసం మరింత ఓపికగా సాగింది. అలసిపోయిన నిర్వాహకుడిపై కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించిన ఖాతా 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించడం వల్లనే 2024 మార్చిలో అది బయటపడింది. కనుక విడుదల అధికారం ఎవరికిచ్చినా, విడుదలయ్యే ఫైలు రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు)లోని కోడ్‌తో సరిపోతున్నదో లేదో మరొకరు చూసే ఏర్పాటు ఉండాలి.

జవాబు రాకపోతే ఫోర్క్ చేయండి. ఎంఐటీ, అపాచీ, జీపీఎల్ లైసెన్సులన్నీ దీనిని అనుమతిస్తాయి. పాత కాపీరైటు ప్రకటనను మాత్రం తొలగించకూడదు. మీకు అవసరమైన సవరణ ఒక్కటే చేర్చి, ఫోర్క్ పరిధి అంతవరకేనని రీడ్‌మీ (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలు)లో స్పష్టంగా రాయండి, లేకుంటే ఇతరుల ఇష్యూలు మీ మీద పడతాయి. గో భాషలో రీప్లేస్, ఎన్‌పీఎంలో ఓవర్‌రైడ్స్ అనే అమరికలు వాడి మీ ప్రోగ్రామును ఆ ఫోర్కుకు మళ్లించవచ్చు. పాత పేరే కావాలంటే పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐలో, ప్యాకేజీ పేర్లపై నియమాలున్న పెప్ 541 పత్రం ప్రకారం అడగవచ్చు. అందుకు యజమాని అందుబాటులో లేకపోవడం, పన్నెండు నెలలుగా విడుదల లేకపోవడం, ప్రాజెక్టు పేజీలో ఆయన కదలిక లేకపోవడం అనే మూడూ ఉండాలి. వేరే పేరుతో ఫోర్క్ ఎందుకు సరిపోదో కూడా మీరు చెప్పాలి.

ఆపేస్తున్నది మీరే అయితే, ఆ మాటను రీడ్‌మీ మొదటి పంక్తిలో రాసి, రిపాజిటరీని ఆర్కైవ్ చేసి (చదవడానికి మాత్రమే ఉంచి), ప్యాకేజీని ప్రచురించే పాత టోకెన్లను (రహస్య తాళాలను) రద్దు చేయండి.