ఇల్లు అమ్మే ముందు మరమ్మతులు – 3వ పాఠం: పట్టికలో ఏది ఉంచాలి, ఏది కొట్టివేయాలి

గత పాఠంలో మీ ఇంటిని కొత్తగా చూసేవారిలా ఒకసారి చుట్టివచ్చి, కంటబడిన ప్రతి లోపాన్నీ ఒక పుస్తకంలో రాసుకోమని చెప్పాను. శ్రద్ధగా చూసినవారి పట్టికలో ఈపాటికి ఇరవై, ముప్పై పనులు చేరి ఉంటాయి. అన్నీ చేయించాలంటే డబ్బూ చాలదు, సమయమూ చాలదు. ఈ పాఠంలో ఆ పట్టికను కుదించడం నేర్చుకుందాం.

పట్టికలోని పనులన్నీ రెండు రకాలు. ఒక రకం పని చూసేవారి అనుమానాన్ని తీరుస్తుంది. మరొకటి అభిరుచికి సంబంధించినది. గోడ మీది నెమ్ము మరక, కారే కుళాయి, నొక్కినా వెలగని స్విచ్, నేలకు రాసుకునే తలుపు మొదటి రకం. కొత్త వంటగది అరలు, ఖరీదైన టైల్సు, పైకప్పుకు అలంకారం రెండో రకం. మొదటి రకానికి పెట్టిన డబ్బు చాలావరకు తిరిగి వస్తుంది, రెండో రకానికి పెట్టినది చాలా అరుదుగా పూర్తిగా వస్తుంది. దీనికి కారణం తెలిస్తే తక్కిన పాఠమంతా సులువవుతుంది.

నెమ్ము మరకను చూసిన వ్యక్తికి దాని వెనుక ఉన్నది చిన్న గొట్టం లీకో, పునాది లోపమో తెలియదు. తెలియనప్పుడు మనిషి పెద్ద ఖర్చునే ఊహించుకుని, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించి అడుగుతాడు. అసలు మరమ్మతుకు అయ్యే ఖర్చుకూ, అతడు భయపడి ఊహించుకున్న ఖర్చుకూ మధ్య ఉన్న తేడాయే మీకు మిగిలే లాభం. కొత్త టైల్సు విషయంలో అలాంటి తేడా ఏమీ ఉండదు. అవి నచ్చితే ఒక మంచి మాట అంటారు, నచ్చకపోతే తీసి వేయించే ఖర్చు లెక్క వేసుకుంటారు.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్న విషయం. మా పాత ఇంటిని అమ్మకానికి పెట్టే ముందు వంటగట్టు రాయి మొత్తం మార్పించాను. ఇల్లు చూడడానికి వచ్చిన దంపతులు ఆ రాయి మీద చేయి కూడా వేయలేదు. పడకగది తలుపు రాసుకుని నేల మీద పడిన విల్లులాంటి గీత దగ్గర ఆగి, గోడ ఏమైనా కుంగుతోందా అని అడిగారు. తలుపుకు పైభాగంలో ఉన్న బందు మరలు వదులై, రెక్క కిందికి జారింది, అంతే. వడ్రంగికి అరగంట పని. కానీ ఆ గీతను చూసినప్పటి నుంచి వారి కళ్లు బీటల కోసమే వెతికాయి.

అందుకే బీట కనిపిస్తే దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో చిన్న గీత పెట్టి, పక్కన తేదీ వేయండి. కొన్ని వారాల తరువాత బీట గీతను దాటకపోతే, వెడల్పు పెరగకపోతే, అది చాలావరకు పూతకు పరిమితమైనదే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగుతూ నానాటికీ వెడల్పయ్యే బీటను మాత్రం ఇంజినీరుకు చూపించాలి.

నెమ్ము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మరక కనిపించగానే దాని మీద రంగు వేయిస్తారు. లోపలి తేమ ఆగదు కనుక కొద్ది వారాల్లోనే రంగు బుడగలెత్తి పెచ్చులుగా రాలుతుంది; తక్కిన గోడ పాతగా ఉండి ఒక్కచోట మాత్రం మెరిసే రంగు దాచిన విషయాన్ని తానే చెబుతుంది. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం తప్పు. చాలా దేశాల చట్టాల ప్రకారం అమ్మినవారే దానికి బాధ్యులు కూడా.

ముందు కారణం కనిపెట్టాలి. మరక ఉన్నచోట గోడను పొడిగుడ్డతో తుడిచి, అడుగు చదరపు పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. కాగితానికి గది వైపు తేమ పడితే అది గదిలోని ఆవిరి. గాలి ఆడేలా చూస్తే చాలు. గోడ వైపు నీటి చుక్కలు నిలిస్తే నీరు గోడలోంచే వస్తోంది. మరక నేల నుంచి సుమారు మీటరు ఎత్తు వరకే ఉండి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే భూమిలోని తేమ పైకి పాకుతోందేమో చూడాలి. గొట్టం మీద అనుమానముంటే కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు అంకె రాసుకుని, రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె మారితే ఎక్కడో లీకు ఉన్నట్టే.

ఇక లెక్క. ఇంటి ధర 100 అనుకుందాం; ఈ అంకెలు నేర్చుకోవడానికి వేసుకున్నవే. వంటగది మార్పుకు 8 ఖర్చవుతుంది. మీ వీధిలో అదే విస్తీర్ణంలో, కొత్త వంటగదితో ఉన్న ఇల్లు 104కే అమ్ముడుపోయింది. అంటే 4 నష్టం, పనికి పట్టే రెండు నెలల వడ్డీ, నిర్వహణ అదనం. నెమ్ముకు, కుళాయిలకు, తలుపులకు కలిపి 1 ఖర్చవుతుంది. అవి అలాగే ఉంటే వచ్చినవారు 5 తగ్గించి అడుగుతున్నారు. ఇక్కడ 4 మిగులుతుంది. చుట్టుపక్కల అలాంటి ఇళ్లకు పలికే అత్యధిక ధరే మీ ఇంటికి గరిష్ఠ హద్దు. దానిని దాటించగల మరమ్మతు ఉండడం అరుదు.

పైకప్పు మార్చడంలాంటి పెద్ద అవసరం ఉంటే మీరే చేయించక తప్పదని అనుకోకండి. ఇద్దరు మేస్త్రీల దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకుని, వచ్చినవారికి ఆ కాగితం చూపించి, అంతమేరకు ధర తగ్గించవచ్చు. ఖర్చు ఎంతో కాగితం మీద కనబడితే భయం ఆ అంకె దగ్గర ఆగుతుంది.

ఈ వారం అభ్యాసం: పట్టికలో ప్రతి పని పక్కన ‘అనుమానం’ లేదా ‘అభిరుచి’ అని రాయండి. రెండో మాట పడినవన్నీ కొట్టివేయండి, మనసు ఒప్పకపోయినా సరే. మిగిలిన వాటికి ఖర్చు, పట్టే రోజులు, చేయించకపోతే బేరంలో తగ్గే మొత్తం అనే మూడు అంకెలు వేయండి. నెమ్ము మరక ఉంటే ప్లాస్టిక్ కాగితాన్ని ఈ రోజే అతికించండి. వచ్చే పాఠం గోడల రంగు గురించి, తడి గోడ మీద ఆ పాఠం పనిచేయదు.