ప్లాస్టిక్ పాలసీసా వాడక తప్పకపోతే బిడ్డకు కీడు లేకుండా చూసుకోవడం ఎలా?

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే చాలు. పాలు పడకనో, తల్లి పనికి పోవాల్సి వచ్చో సీసా పట్టక తప్పనివాళ్ల కోసం ఈ ఐదు మాటలు.

1. కొనేముందు సీసాను తిరగేసి అడుగున చూడండి. చిన్న త్రికోణంలో అంకె ఉంటుంది. 5 అయితే పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్. కాస్త మసకగా ఉండి, వేళ్లతో నొక్కితే కొంచెం లోపలికి పోతుంది. 7 ఉండి, గాజులా మెరుస్తూ, నొక్కినా లొంగకపోతే పాలీకార్బనేట్ అనే ఇంకో రకం అనుకోవచ్చు. హార్మోన్ల పనిలో తలదూర్చే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం ఉండేది అందులోనే. పాలసీసాల్లో దాన్ని యూరప్ 2011లో, మన దేశ ప్రమాణాలు 2015లో వద్దన్నాయి. 1992 చట్టం ప్రకారం ఐఎస్‌ఐ ముద్ర లేని పాలసీసా అమ్మకూడదు కూడా. అంగడిలో కుప్పపోసిన వాటిలో ముద్ర లేనిది ఎంత చవకైనా తేకండి.

2. అసలు జాగ్రత్త వేడి దగ్గరే. 5 అంకె సీసాలో సైతం వేడినీళ్లు పోసి గిలకొడితే కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు పాలల్లో కలుస్తాయని 2020లో ఐర్లండ్ పరిశోధకులు తేల్చారు. అలాగని డబ్బాపాలు చల్లటి నీళ్లతో కలపకండి. పొడిలో ఉండే క్రిములు చావాలంటే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు. అందుకని స్టీలు గిన్నెలో వేడినీళ్లతో కలిపి, గోరువెచ్చగా అయ్యాకే సీసాలో పోయండి. మైక్రోవేవ్‌లో సీసా పెట్టనే వద్దు.

3. ఉడకబెట్టిన సీసాను చల్లారనిచ్చి, ఆ వేడికి ఊడిన రేణువులు పోయేలా కాచి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు తొలపండి.

4. మన నల్గొండ వైపు ఇంకో సంగతి మరవొద్దు. కాచినంత మాత్రాన బోరునీళ్లలో ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాలు కలపడానికి మిషన్ భగీరథ నీళ్లే వాడండి.

5. లోపల గీతలు పడినా, రంగు మారినా ఆ సీసా మార్చేయండి. గరుకు పీచుతో తోమొద్దు.

నన్నడిగితే స్టీలు ఉగ్గుగిన్నె అన్నిటికన్నా మేలు. ప్లాస్టిక్ గొడవ లేదు, పాలపీకలోలాగా మురికి దాగే సందూ లేదు. బిడ్డను ఒళ్లో కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేంత వరకే వంచండి. బిడ్డే చప్పరించి తాగాలి. నోట్లో పోస్తే పొలమారుతుంది.