మీ చర్మం జిడ్డుదా, పొడిదా, లేక వాడుతున్న క్రీమే అలా చేసిందా?

ఫేస్‌వాష్ కొనడానికి వెళ్తే కౌంటర్ అవతలి నుంచి మొదటి ప్రశ్న వస్తుంది: "ఆయిలీ స్కిన్నా, డ్రై స్కిన్నా?" చాలామంది ఆ రోజు అద్దంలో ఎలా కనిపించిందో అదే చెప్పేస్తారు. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో రుద్దిన ముఖం ఎవరిదైనా పొడిగానే ఉంటుంది. మందపాటి క్రీమ్ పూసుకుని ఎండలో తిరిగితే ఎవరి ముఖమైనా జిడ్డోడుతుంది. అందుకే ముందు చర్మాన్ని దాని మానాన వదిలి చూడాలి.

సెలవు రోజు పొద్దున గాఢత తక్కువున్న ఫేస్‌వాష్‌తో కడుక్కుని, మెత్తటి తువ్వాలుతో అద్దుకోండి. తర్వాత ఓ గంటసేపు ఏమీ రాయకండి. ఏసీ గదిలో కూర్చోవద్దు, పొయ్యి దగ్గరా నిలబడొద్దు. గంటయ్యాక నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం మీద విడివిడిగా టిష్యూ అద్ది వెలుతురులో చూడండి. అన్నిచోట్లా నూనె మరక పడితే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం దగ్గరే పడితే మిశ్రమ చర్మం, మనలో చాలామందిది ఇదే. ఎక్కడా మరక లేకుండా నవ్వినా బుగ్గ లాగుతుంటే పొడి చర్మం. మరక సంగతి ఎలా ఉన్నా, ఏది రాసినా చురుక్కుమని ఎర్రబడే గుణం ఉంటే అది సున్నిత చర్మం. ఈ గుణం మిగతా మూడింటిలో దేనితోనైనా కలిసి ఉండొచ్చు.

ఈ ఫలితం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మే నెలలో విశాఖ ఉక్కపోతకు కారిపోయే ముఖం డిసెంబరులో ఆదిలాబాద్ చలికి పొట్టు లేస్తుంది. అమెరికాలో చలికాలమంతా హీటర్ గదుల్లో గడిపేవాళ్ళకు ఇక్కడ సరిపోయిన జెల్ అక్కడ చాలదు. కాబట్టి ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూసుకోవాలి. యాసిడ్ సీరమో, స్టెరాయిడ్ క్రీమో వాడుతున్నవాళ్ళు మాత్రం ఈ పరీక్షను నమ్మొద్దు. అప్పుడు కనిపించేది మందు ప్రభావమే.

"కడగ్గానే లాగేస్తుంది, మధ్యాహ్నానికి మళ్ళీ జిడ్డు"

రెండూ ఒకే ముఖంలో ఎలా ఉంటాయని తికమక పడతారు. నూనె వేరు, నీరు వేరు. నూనె గ్రంథులు హార్మోన్ల మాట వింటాయి గానీ సబ్బు మాట వినవు. మీరు ఎంత కడిగినా వాటి పని అవి చేసుకుపోతాయి. కానీ కడిగిన ప్రతిసారీ చర్మం పైపొరలో తేమను పట్టి ఉంచే కొవ్వులు కొన్ని పోతాయి. దాంతో పైన జిడ్డుగా ఉన్నా లోపల తేమ ఆరిపోతుంది. చర్మం పైభాగం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 5, అంటే కాస్త ఆమ్ల గుణం. మామూలు స్నానం సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. రెంటికీ పొంతన కుదరదు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇంకో తంటా ఉంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా మారతాయి. నురగ రాదు, ఎన్నిసార్లు కడిగినా ముఖం మీద ఏదో పొర మిగిలినట్టే ఉంటుంది. సరిగ్గా పోలేదేమోనని మళ్ళీ రుద్దుతారు.

రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్ళు చాలు. సబ్బు బదులు పీహెచ్ 5.5 దగ్గర ఉండే ఫేస్‌వాష్ గానీ సబ్బు కలవని క్లెన్సింగ్ బార్ గానీ తీసుకోండి. బోరు నీళ్ళయితే చివర్లో ఒక మగ్గు ఫిల్టర్ నీళ్ళతో కడిగేయండి. ముఖం పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. జిడ్డు చర్మానికి గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్ ఉన్న పల్చటి జెల్, పొడి చర్మానికి సెరమైడ్స్ (చర్మం పైపొరలో ఉండే రకం కొవ్వులు) గానీ పెట్రోలియం జెల్లీ గానీ ఉన్న చిక్కటి క్రీమ్ సరిపోతాయి. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అక్కర్లేదన్న మాట తప్పు. మిశ్రమ చర్మమైతే బుగ్గలకు రెండోసారి రాస్తే సరి, రెండు డబ్బాలు కొనక్కర్లేదు.

సున్నిపిండి గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నూనె రాసుకుని తలంటుకునే రోజు ఒంటికి అది భేషుగ్గా ఉంటుంది. మొటిమలున్న ముఖం మీద మాత్రం ఆ పిండి గరుకుతనం పుండు మీద రుద్దినట్టే.

"ఎన్ని వాడినా మొటిమలు తగ్గడం లేదు"

అన్నీ మొటిమలేనా అని ముందు చూడండి. నుదుటి మీద, ఛాతీ, వీపు మీద అన్నీ ఒకే సైజులో, ఆవగింజల్లా, దురద పెట్టే పొక్కులైతే అవి మొటిమలు కాకపోవచ్చు. చర్మం మీద మామూలుగానే ఉండే మలసీజియా అనే ఈస్ట్, చెమటకూ ఉక్కకూ రోమకూపాల్లో పెరిగిపోవడం వల్ల ఇలా వస్తుంది. యాంటీబయాటిక్ వాడితే ఇది తగ్గకపోగా పెరుగుతుంది. మొటిమల మందు ఏళ్ళ తరబడి పనిచేయకపోవడానికి ఇదొక కారణం. దీనికి కీటోకోనజాల్ లాంటి ఫంగస్ మందు కావాలి, డాక్టర్‌కు చూపించి వాడండి.

నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట వరసగా వస్తుంటే కారణం తలనూనె. రాత్రి కొబ్బరినూనె దట్టించి పడుకుంటే అది దిండుకూ, దిండు నుంచి బుగ్గలకూ చేరుతుంది. నూనె మానక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగేస్తే చాలు, దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి.

గడ్డం, దవడ చుట్టూ నెలసరి ముందు లోతుగా నొప్పితో వస్తూ, నెలసరి కూడా తప్పుతూ ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) ఉందేమో చూపించుకోవాలి. అది ఫేస్‌వాష్‌తో తేలే పని కాదు.

ఇవేవీ కాని మామూలు మొటిమలకు, బ్లాక్‌హెడ్స్‌కు 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌తో మొదలుపెట్టొచ్చు. చీము పొక్కులకు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది, కాకపోతే తువ్వాళ్ళ రంగు వెలిసిపోతుంది. అడాపలిన్ జెల్ (విటమిన్ ఎ బాపతు మొటిమల మందు) డాక్టర్ చెబితే రాత్రిపూట శనగగింజంత, ముఖమంతటికీ రాయాలి, గర్భిణులు వాడకూడదు. ఏదైనా ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పదిరోజులకే ఇంకోటి మార్చేవాళ్ళకు ఏ మందూ పనిచేయదు.

"ఆ క్రీమ్ వాడితే తెల్లగా ఉన్నా, ఆపితే ముఖం భగ్గుమంటోంది"

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఊళ్ళలో "సున్నిత చర్మం" అనుకుంటున్న ముఖాల్లో చాలా వరకు ఇలా తయారైనవే అని నా అభిప్రాయం. పక్కింటావిడ చెప్పిందని ఓ చిన్న ట్యూబు కొంటారు. మొదటి వారం ముఖం నునుపుగా, కాంతిగా అవుతుంది. అందరూ అడుగుతారు కూడా. కొన్ని నెలలకు బుగ్గల మీద దారాల్లా ఎర్రటి సన్న నరాలు, నూగు వెంట్రుకలు, ఎండ తగిలితే మంట. ఆపితే రెండు మూడు రోజుల్లో ఎర్రబడి, దురద, పొక్కులు. మళ్ళీ రాయగానే తగ్గుతుంది. దాంతో "ఈ క్రీమ్ లేకపోతే నా చర్మం బాగోదు" అన్న నమ్మకం పడిపోతుంది.

ఆ ట్యూబు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎడమవైపు నిలువునా ఎర్రగీత ఉందా? ఉంటే అది డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు, అందం క్రీమ్ కాదు. వెనక చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్ మూడూ కలిపిన ట్యూబులు ఫెయిర్‌నెస్ క్రీమ్‌ల మాదిరి చేతులు మారుతుంటాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి, తెచ్చింది ఇందుకే. చీటీ లేకుండా అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఎగ్జిమాకు డాక్టర్ పది రోజులు రాసిచ్చే స్టెరాయిడ్ మంచి మందే, దాన్ని చూసి భయపడక్కర్లేదు. నెలల తరబడి ముఖానికి రాయడమే ప్రమాదం. మీది ఈ బాపతైతే చర్మవైద్యుల దగ్గరికి ట్యూబుతో సహా వెళ్ళండి. ఎన్నాళ్ళు వాడారో బట్టి ఒక్కసారిగా ఆపాలో, మెల్లగా తగ్గించాలో వాళ్ళు చెబుతారు. ఈలోగా ముఖానికి వాసనలేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏమీ వద్దు. సీరం వద్దు, ఫేషియల్ వద్దు, పసుపు కూడా వద్దు. కోలుకోవడానికి నెలలు పడుతుంది. మధ్యలో ముఖం ఇంకా పాడైనట్టు కనిపించే వారాలు వస్తాయి. పాత ట్యూబు మళ్ళీ తీసేది అప్పుడే, కాబట్టి అది ఇంట్లో లేకుండా చూసుకోండి.

తయారీదారు చిరునామా, కలిపిన పదార్థాల జాబితా లేని తెల్లబడే క్రీమ్‌ల గొడవ ఇంకా పెద్దది. వాటిలో పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీమ్‌లు వాడినవాళ్ళకు కిడ్నీ జబ్బు రావడం బయటపడింది. వాడి ఉంటే, కాళ్ళ వాపు గానీ మూత్రంలో నురగ గానీ కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

"బొట్టు పెట్టుకునే చోట దురద, తెల్లమచ్చ"

స్టిక్కర్ బొట్టు వెనక జిగురులో ఉండే ఒక రకం ఫినాల్ రసాయనం కొందరిలో రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తుంది. మొదట దురద, తర్వాత సరిగ్గా బిళ్ళంత తెలుపు. కాస్త పైకో కిందకో జరిపి పెట్టుకుంటే కొత్తచోట కూడా మచ్చ రావచ్చు. స్టిక్కర్ పూర్తిగా మానేయాలి. దురద దశలోనే మానేస్తే చాలావరకు అక్కడితో ఆగుతుంది. తెల్లబడితే డాక్టర్‌కు చూపించాలి. కుంకుమకు మారినా గమనిస్తుండండి, అందులో కలిపే రంగులు పడనివాళ్ళూ ఉంటారు.

"బుగ్గల మీద మంగు"

ఎండ, గర్భం, గర్భనిరోధక మాత్రలు, కుటుంబ లక్షణం, వీటిలో రెండు మూడు కలిసి వస్తుంది. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే కాలినట్టయి మచ్చ ఇంకా ముదురుతుంది, ఆ చిట్కా దయచేసి మానండి. మంగుకు అసలు మందు సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 పైన, రెండు వేళ్ళ పొడవునా పిండుకునేంత, బయట ఉంటే రెండు గంటలకోసారి. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ మేలు, పైగా ముఖం సున్నం కొట్టినట్టు కనిపించదు. నుదురు, కణతల దగ్గర బూడిద నలుపు వస్తుంటే మంగు అనుకోకండి, జుట్టుకు వేసే రంగును అనుమానించండి.

ఇంకొన్ని, త్వరగా

మెడ వెనక నల్లగా, మఖమల్‌లా మందంగా ఉంటే అది మురికి కాదు. ఎంత పీచుతో రుద్దినా పోదు. తరచుగా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు, షుగర్ పరీక్ష చేయించండి.

పిల్లల బుగ్గల మీద లేత తెల్లమచ్చలకు నులిపురుగులో, కాల్షియం లోపమో అంటారు. చాలావరకు అది పొడిబారిన చర్మమే, రోజూ మాయిశ్చరైజర్ రాస్తే కొన్ని నెలల్లో కలిసిపోతుంది. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం వెంటనే చూపించాలి.

ముక్కు పక్కన, కనుబొమల్లో పొట్టు లేస్తే పొడి చర్మం అనుకుని నూనె రాయొద్దు. తలలో చుండ్రు కూడా ఉందేమో చూడండి. రెండూ ఒకటే, చుండ్రు మందుకే తగ్గుతాయి.

కొత్తది ఏది కొన్నా ముందు మోచేయి మడత దగ్గర నాలుగైదు రోజులు రాసి చూడండి. ముఖానికి మొదలుపెట్టాక రెండు వారాలు ఇంకేదీ కొత్తగా చేర్చొద్దు. మూడు ఒకేసారి మొదలుపెడితే, దద్దురు వచ్చినప్పుడు ఏది పడలేదో చెప్పడం డాక్టర్‌కూ కష్టమే.