నల్లమలకు ఫీల్డ్‌వర్క్‌కి బయల్దేరే ముందు

జీవవైవిధ్యంలో ఎమ్మెస్సీ చేస్తూ ప్రాజెక్టుకి అడవికెళ్లే వాళ్ల కోసం:

అనుమతి. అభయారణ్యంలో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కాలేజీ లెటర్ సరిపోదు. నేను దరఖాస్తు ఆలస్యంగా పెట్టి ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. ఇంకో మాట, నల్లమలలోని రెండు పులుల అభయారణ్యాల్లో అమ్రాబాద్ తెలంగాణది, నాగార్జునసాగర్-శ్రీశైలం ఆంధ్రది. కృష్ణ దాటితే అనుమతి వేరు.

రక్షిత జంతువును పట్టి కొలవాలంటే సెక్షన్ 12 కింద విడిగా అడగాలి.

రెండు రోజులు ట్రయల్ సర్వే చేయండి. ఆకు రాలిన వేసవి అడవిలో దూరం నుంచే కనిపించే పక్షి, వానల తర్వాత పదడుగుల్లో ఉన్నా కనిపించదు. పక్షికీ మీకూ మధ్య దూరం రాసుకోకపోతే రెండు సీజన్ల లెక్కలు పోల్చలేరు.

వెంట వచ్చే చెంచు సహాయకుడితో కూలి ముందే మాట్లాడండి. ఎలుగుబంటి అడుగు మనకంటే ముందు చూసేది ఆయనే. థీసిస్‌లో పేరు రాయొచ్చా అని కూడా అడగండి.

నోట్‌బుక్‌లో పెన్సిల్‌తోనే రాయండి, తడిసినా చెదరదు.

ప్యాంటు అంచులు సాక్స్‌లో దోపుకోండి. గడ్డిలో ఉండే సన్న పురుగులతో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. తిరిగొచ్చాక జ్వరమొస్తే, అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.