ఆరంభశూరత్వం అయిపోయాక బరువును అదుపులో ఉంచుకోవడం ఎలా

బరువు తగ్గాలన్న పట్టుదల మొదటి మూడు వారాలు దానంతటదే ఉంటుంది. ఆ తర్వాత అంకె కదలదు, ఎండలు ముదురుతాయి, పెళ్ళిభోజనాలు వరసగా తగులుతాయి. అందుకే మనసు లేని రోజున కూడా పని జరిగిపోయేలా ఇంట్లో కొన్ని ఏర్పాట్లు ముందే చేసి పెట్టుకోవాలి.

ముందు లక్ష్యం సంగతి. ‘నెలలో పది కిలోలు’ బోర్డుల జోలికి పోవద్దు. వారానికి అరకిలో చాలు. 90 కిలోల మనిషి మొదట ఐదు నుంచి పది శాతం, అంటే నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోలు అనుకుంటే సరిపోతుంది. ఆ మాత్రం తగ్గినా బీపీ, షుగరు మెరుగవుతాయి. నెలకోసారి నడుము కొలుచుకోండి: చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, ఊపిరి వదిలాక. మనవాళ్ళలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందే డాక్టరుతో మాట్లాడాలి. మోతాదు మార్చకపోతే షుగరు మరీ పడిపోవచ్చు.

వెయింగ్ మెషీన్ చెప్పేది ఎలా వినాలి

సగం మంది మానేసేది ఇక్కడే. ఆదివారం బిర్యానీ, అందులోకి ఊరగాయ. సోమవారం పొద్దున చూస్తే కిలోన్నర ఎక్కువ. ‘వారమంతా చేసింది గంగపాలు’ అని మధ్యాహ్నం మళ్ళీ లాగించేస్తారు. లెక్క చూడండి. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదాని కన్నా దాదాపు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. ఒక్క పూటలో అది ఎవరి వల్లా కాదు. పెరిగింది ఉప్పు పట్టి ఉంచిన నీరు, పిండిపదార్థంతో పాటు ఒంట్లో నిలిచిన నీరు, ఇంకా కడుపులోంచి బయటికి పోని తిండి. రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. ఇదే లెక్క రెండోవైపూ వర్తిస్తుంది. మొదటి వారంలో తగ్గిన రెండు కిలోల్లో ఎక్కువ నీరే. మే నెలలో చెమటోడ్చి నడిచొచ్చి ఎక్కితే కనిపించే తక్కువ అంకె కూడా అంతే.

కాబట్టి రోజూ పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, కాఫీ తాగకముందు, గట్టి నేల మీద పెట్టిన మెషీన్ ఎక్కి అంకె రాసుకోండి. కానీ ఆ అంకెని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఏడు రోజులవీ కూడి ఏడుతో భాగించి, పోయిన వారం సగటుతో పోల్చండి. 82.9 నుంచి 82.5కి వస్తే బండి సరైన దారిలోనే ఉంది. నెలసరి వచ్చే ఆడవాళ్ళు పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. లేకపోతే ప్రతి నెలా ఒక వారం వృథాగా దిగులు పడతారు.

కంచం దగ్గర

మన భోజనం వరసే అన్నం పెంచుతుంది. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, పచ్చడిలోకి కొంత, చారులోకి, చివరికి పెరుగులోకి. ప్రతిదానికీ మారు అన్నం. కూరలు తగ్గించడం కన్నా ఈ మార్లు ఆపడం తేలిక. పూటకి కావలసిన అన్నమంతా ఒకేసారి కంచంలో పెట్టుకుని, తినకముందే మూడు భాగాలు చేసుకోండి. ఒకటి పప్పుకి, ఒకటి కూరకి, ఒకటి పెరుగుకి. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు. ఒక కప్పు అన్నం, అంటే 150 గ్రాములు, దాదాపు 200 కేలరీలు. అన్నం తగ్గినచోట పప్పు, గుడ్డు, చేప పెరగాలి. లేకపోతే నాలుగింటికల్లా మిర్చి బజ్జీల బండి కనిపిస్తుంది.

నూనెకి ఒక చిట్కా: లీటరు ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో అది 15 రోజులు రావాలి. పది రోజులకే అయిపోతోందంటే వేపుళ్ళ లెక్క చూసుకోవాలి.

పెళ్ళి పంక్తిలో ‘డైట్‌లో ఉన్నా’ అంటే ఇంకో గరిటె పడుతుంది. ‘పెరుగులోకి చోటు ఉంచుకున్నానండీ’ అంటే వదిలేస్తారు. విస్తరి ఖాళీ కానివ్వకుండా చివరిదాకా కాస్త కూర ఉంచుకోవడం మంచిది. ‘అంత చిక్కిపోయావేంటమ్మా, షుగరొచ్చిందా?’ అని అడిగే అత్తయ్యలు ఎలాగూ ఉంటారు. ‘పరీక్షలు చేయించానత్తయ్యా, అన్నీ బాగున్నాయి’ చాలు. ఆ ప్రశ్న మరీ తీసేయాల్సిందేమీ కాదు. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గితే పరీక్షలు చేయించుకోవాల్సిందే.

నడకకి వేసవిలో ఆరున్నరలోపే ముగిసే వేళ పెట్టుకోండి, అది గుంటూరు ఎన్టీఆర్ స్టేడియమైనా బెజవాడ కృష్ణ ఒడ్డయినా. కుదరని రోజున అపార్ట్‌మెంట్ వరండాలో అయినా పదేసి నిమిషాలు మూడుసార్లు. 75 కిలోల మనిషి 45 నిమిషాలు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. నడక ముగించి తినే నెయ్యి కారం దోసె దాన్ని అక్కడే పూడ్చేస్తుంది. టిఫిను ఇంటికొచ్చాకే.

అంకె ఆగిపోతే

నాలుగు వారాల సగటు కదలకపోతేనే ఆగినట్టు. ఒక్కో కిలో తగ్గేకొద్దీ ఒంటికి రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది. పది కిలోలు తగ్గిన మనిషికి మొదట్లో సరిపడిన తిండి ఇప్పుడు ఎక్కువే. ముందు మూడు రోజులు నోట్లో పడిన ప్రతిదీ రాయండి: టీలు, పిల్లలు వదిలేసిన ముద్దలు, వంట చేస్తూ చూసిన రుచులు. చాలాసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే రోజుకి అరకప్పు అన్నం తగ్గించండి. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకి పుషప్‌లు, నీళ్ళ డబ్బా మోయడం లాంటి బరువు పనులు చేస్తే కొవ్వుతో పాటు కండ కరగడం తగ్గుతుంది.

తగ్గాక

ఇది వేరే ఉద్యోగం. అంకె కదలదు, మెచ్చుకునేవాళ్ళు ఉండరు, ఆకలి మాత్రం ఉంటుంది. బరువు తగ్గినవాళ్ళలో ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఆకలిని అణిచే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. ఏడాది గడిచినా ఆ తేడా పూర్తిగా పోలేదని 2011లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం చూపింది. కాబట్టి ఆకలేస్తే మీ మనసు బలహీనమని తిట్టుకోవద్దు. 13.6 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు నమోదు చేయడం అమెరికాలో 1994లో మొదలుపెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది వారానికోసారైనా బరువు చూసుకుంటారు, రోజుకి గంట దాకా కదులుతారు.

లక్ష్యం చేరిన రోజే పాత తిండికి పోకూడదు. రోజుకి వంద కేలరీలు, అంటే అరకప్పు అన్నం కలిపి, రెండు వారాలు సగటు చూడండి. నిలకడగా ఉంటే ఇంకో అరకప్పు. పెరిగితే వెనక్కి. తర్వాత ఒక గీత గీసుకోండి: చేరిన బరువు మీద రెండు కిలోలు. వారం సగటు ఆ గీత దాటితే మరుసటి పూట నుంచే రెండు వారాలు పాత పద్ధతి: మూడు భాగాల అన్నం, తేదీ రాసిన నూనె, రాసుకున్న తిండి. ‘దసరా అయ్యాక చూద్దాం’ అంటే దసరా తర్వాత దీపావళి, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి అరిసెలు, మాఘమాసం పెళ్ళిళ్ళు వస్తాయి. పండగ రోజు హాయిగా తినండి. మర్నాడు మిగిలిన పులిహోర, గారెలు పొరుగింటికి పంపండి. ఒళ్ళు పెరిగేది పండగ రోజున కాదు, ఆ మిగిలినవాటితో నాలుగు రోజులు గడిపినప్పుడు.

లెగ్గింగ్స్, లుంగీ, నైటీ పెరిగిన నడుముని చెప్పవు. సాగని గుడ్డతో కుట్టిన ప్యాంటో జాకెట్టో ఒకటి ఉంచుకుని నెలకోసారి వేసుకు చూడండి. వదులైన పాత బట్టలన్నీ దర్జీతో బిగింపించేయండి.

తిండి మారకుండానే రెండు నెలల్లో ఐదారు కిలోలు పెరిగితే మళ్ళీ డైట్ మొదలుపెట్టే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక సమస్యల మందులు కూడా బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా, వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరుకి చూపించి మార్చే వీలుందేమో అడగండి.