ఎక్కి చూడని దారిలో సైకిల్ మీద దిగకండి

ఈ నెల మొదట్లో అనంతపురానికి కొంత దూరంలోని ఒక గుట్ట మీద నుంచి సైకిల్‌పై దిగుతూ ఓ యువకుడు పడ్డాడు. భుజం ఎముక విరిగింది. తలకు హెల్మెట్ ఉంది, సైకిల్ కొత్తది, బ్రేకుల్లో లోపం లేదు. సైకిల్‌ను ఆటోలో వేసుకుని రోడ్డు మీదుగా పైకి చేరాడు. వెనకవైపు కాలిబాటలో దిగాడు. మలుపు దాటగానే పోయిన వానలకు కోసుకుపోయిన గండి ఉంది. ఆ దారిని అతను అంతకుముందు ఒక్కసారి కూడా చూడలేదు.

హెల్మెట్ పెట్టుకోండి, నీళ్లు తీసుకెళ్లండి అని ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆ మాత్రం తెలియనివారు గుట్టల జోలికి రాకపోవడమే మంచిది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఎక్కి చూడని దారిలో దిగకండి.

కెనడాలోని విస్లర్ వంటి చోట్ల చలికాలంలో స్కీయింగ్‌కు వచ్చినవారిని మోసే లిఫ్టులే వేసవిలో సైకిళ్లను కొండ మీదికి చేరుస్తాయి. ఆ వీడియోలు చూసి మన పిల్లలు ఉత్సాహపడుతున్నారు. ఉత్సాహం తప్పు కాదు. అయితే అక్కడి దారులు సైకిళ్ల కోసం వేసినవి. ఏది తేలికో ఏది కష్టమో చెప్పే ఆకుపచ్చ, నీలం, నలుపు గుర్తులుంటాయి. పడితే వచ్చి ఎత్తుకెళ్లే సిబ్బంది ఉంటారు. మన గుట్టల మీద దారులు మేకలు, కట్టెలకు వెళ్లేవారు వేసినవి. గుర్తులూ లేవు, కాపలా లేదు. ఆ లోటును మీ కాళ్లే తీర్చాలి.

నడుస్తూనో, సైకిల్ నెట్టుకుంటూనో ఎక్కితే ప్రతి అడుగూ కంటపడుతుంది. కదిలే రాయి ఏదో, కంకర ఎక్కడ పోగుపడిందో, దిగువన చేనుకు కొత్తగా ముళ్లకంచె వేశారో లేదో తెలుస్తుంది. పై నుంచి వేగంగా వచ్చేవాడికి ఆ కంచె తీగ దగ్గరికి వచ్చేదాకా కనబడదు. గండికోటలో రాతి నేల చదునుగా సాగి ఒక్కసారిగా తెగిపోతుంది, కింద పెన్నా లోయ. ఆ అంచు దరిదాపుల్లో సైకిల్ ఎక్కకండి. ఇందులో వాదనకు తావు లేదు.

పోయినేడాది ఎక్కాను కదా అంటారు కొందరు. ఒక్క గట్టి వాన చాలు, దారి మారిపోవడానికి. మళ్లీ ఎక్కి చూడండి.

ఇక బ్రేకులు. సైకిల్‌ను ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. వాలులో భయపడి దాన్ని ఒక్కసారిగా నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు. కంకర మలుపులో నొక్కితే చక్రం పక్కకు జారుతుంది. అందుకే వేగం మలుపుకు ముందే తగ్గాలి. మలుపు ఎక్కడుందో తెలియనివాడు ముందే ఎలా తగ్గిస్తాడు? దారి ఎక్కి చూడమనేది ఇందుకే.

ఎండ సంగతి. దిగేటప్పుడు గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది, ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. సాయంత్రం ఎండ తగ్గినా బండలు వేడిని కక్కుతూనే ఉంటాయి. కర్నూలు, కడప వేసవిలో పొద్దున తొమ్మిదికల్లా కింద ఉండాలి. తోటివాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి, శ్రమ వల్ల తగిలే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. ముందు ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి.

అలాగని చీకటితో బయలుదేరకండి. కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లు తిరిగేది చీకట్లో, తెల్లవారుజామున, సందెవేళ. బాగా వెలుగు వచ్చాకే ఎక్కండి.

శేషాచలం, లంకమల, నల్లమల అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకండి.

ఒంటరిగా వెళ్లకండి.

పల్లేరు కాయలు, తుమ్మముళ్లు ట్యూబును వదలవు. పంపు, అదనపు ట్యూబు సంచిలో ఉండాలి.

వాలు దిగగానే బ్రేకు డిస్కును ముట్టుకోకండి, చేయి కాలుతుంది.

రాళ్ల సందుల్లో చేయి పెట్టకండి. పాము కరిస్తే కోయకండి, గట్టిగా కట్టకండి, నడిపించకండి. కదలనివ్వకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మబ్బు పట్టి ఉరిమితే గుట్ట కొన మీద, ఒంటరి చెట్టు కింద ఆగకండి.

ముందువాడి చక్రానికి అంటుకుని దిగకండి. అతను పడితే మీరూ పడతారు.

అలసిపోయాక ఇంకొక్కసారి అనకండి.

కొత్త దారి చూపిస్తానని ఎవరు పిలిచినా, ఎంత నేర్పరి అయినా, ముందు మీరు ఎక్కి చూడండి.

పడినవాడు మెడ నొప్పి అంటే లేపి కూర్చోబెట్టకండి. తల కదలకుండా ఒకరు పట్టుకోండి, సిగ్నల్ దొరికే చోటికి ఇంకొకరు పరుగెత్తండి. చెట్టు నీడ లేకపోతే చొక్కాలు విప్పి నీడ పట్టండి.